కొండ వాలులో వృద్ధాశ్రమం: నీటి దారి నుంచి మొదలైన ఒక సైట్ డిజైన్

తిరుపతి నుంచి శ్రీనివాస మంగాపురం వైపు వెళ్లే దారికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. మధ్యనున్న నేలంతా కొండ నుంచి నది వైపు వాలి ఉంటుంది. ఆ వాలులో ఒక కుటుంబ ధర్మనిధికి నాలుగు ఎకరాల స్థలం ఉంది. అక్కడ అరవై మందికి సరిపడే వృద్ధాశ్రమం కట్టాలని వారి సంకల్పం. భవనం నమూనా తయారైన తర్వాత, చుట్టూ తోట వేయించమని ల్యాండ్‌స్కేప్ డిజైన్ చేసే నన్ను పిలిచారు. ఒక పెద్ద పచ్చిక, మధ్యలో ఫౌంటెన్, ప్రహరీ వెంట త్వరగా ఎదిగే చెట్లు: వారు అడిగింది ఇంతే.

చివరికి జరిగింది వేరు. భవనం మూడు ముక్కలైంది, కార్లు వచ్చే దారి తూర్పు నుంచి పడమరకు మారింది, పచ్చిక పదో వంతుకు తగ్గింది. ఎందుకు ఇలా అయిందో వివరంగా రాస్తున్నాను. కొండ దిగువన స్థలాలు కొని కట్టుకుంటున్నవారు మా ప్రాంతంలో ఏటేటా పెరుగుతున్నారు. వారిలో చాలామంది ల్యాండ్‌స్కేప్ పని అంటే గృహప్రవేశానికి ముందు మొక్కలు నాటించడమే అనుకుంటున్నారు. వృత్తిలో వాడే మాటలు ఎక్కడ వస్తే అక్కడే వాటి సంగతి చెబుతాను.

స్థలం ఏం చెప్పింది

మొదట టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో సర్వే చేయించి, అర మీటరుకు ఒకటి చొప్పున కాంటూరు గీతలు గీయించాం. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీతే కాంటూరు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నేల నిటారుగా ఉన్నట్టు, ఎడంగా ఉంటే మెల్లగా వాలినట్టు. వరసగా నాలుగైదు గీతలు కొండ వైపు ముక్కులా వంగి కనిపిస్తే అక్కడ నీరు పారుతుందని అర్థం.

స్థలం వెడల్పు 108 మీటర్లు, కొండ నుంచి రోడ్డు వరకు పొడవు 150 మీటర్లు. ఈ పొడవులో నేల 9 మీటర్లు దిగుతోంది. అంటే నూటికి ఆరు. నడిచేటప్పుడు ఇది పెద్ద వాలుగా అనిపించదు. డెబ్బై అయిదేళ్ల మనిషికి, చక్రాల కుర్చీ తోసే ఆయాకు మాత్రం ఇది నిజమైన ఎక్కుడే.

ఇక తూర్పు వైపు గీతలన్నీ ఒకే చోట కొండ వైపు వంగి ఉన్నాయి. నేల మీద అక్కడ కనిపించేది తుప్పలు, గడ్డి, గాలికి కొట్టుకొచ్చిన చెత్త మాత్రమే. రెవెన్యూ వారి పొలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ) తెప్పించి చూస్తే అదే చోట సన్నని వంక గీసి ఉంది, పోరంబోకుగా నమోదై ఉంది. పక్క పొలంలో గొర్రెలు మేపుకునే పెద్దాయనను అడిగితే, కార్తీకంలో గట్టి వాన పడితే అక్కడ నిలబడలేమని చెప్పాడు. మాకిచ్చిన ప్లానులో సరిగ్గా ఆ వంక మీదే కార్ల దారి ఉంది. వంకలో రెండు వరసల సిమెంటు పైపులు వేసి పైన మట్టి పోసి చదును చేస్తామని గుత్తేదారు మాట.

దీనికి నేను ఒప్పుకోలేదు. పోరంబోకు వంకను పూడ్చే హక్కు ఎవరికీ లేదన్నది ఒక కారణం. నీటి దారులను కాపాడటానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది, వాగుకూ వంకకూ ఇరుపక్కలా ఖాళీ వదలాలని భవన నియమాలూ చెబుతున్నాయి. రెండో కారణం 2021 నవంబరు. ఆ నెల వానలకు తిరుపతి వీధుల్లో నీరు ఏరులై పారింది, స్వర్ణముఖి పొంగింది, శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. రాయలచెరువు కట్టలో లీకు కనిపించి దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. అలాంటి వానలో ఆ రెండు వరసల పైపులకు కొమ్మలూ రాళ్లూ అడ్డుపడటం ఖాయం. అడ్డుపడితే నీరు పైపు మీదుగా ఎక్కి దారిని కోసుకొని, పక్కనున్న గదుల్లోకి దిగుతుంది. ఆ గదుల్లో మంచం దిగలేనివారు ఉంటారు.

లెక్క వేసి చూపించాను

ధర్మనిధి పెద్ద రిటైరైన లెక్కల మాస్టారు. నా మాట కంటే అంకెలే ఆయనకు బాగా ఎక్కుతాయని తెలిసి, కాగితం మీద పెట్టాను.

వాన నీటి ప్రవాహాన్ని అంచనా వేయడానికి మేం వాడేది సులువైన సూత్రం. గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన, ఎన్ని హెక్టార్ల నేల, అందులో ఎంత భాగం ఇంకకుండా పారుతుంది అన్న గుణకం: ఈ మూడింటినీ హెచ్చించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. గంటకు 75 మి.మీ. తీవ్రతతో వాన అనుకుందాం. తుప్పలూ గడ్డీ ఉన్న మా నాలుగు ఎకరాల్లో గుణకం 0.35. అంటే సెకనుకు సుమారు 118 లీటర్లు పారుతుంది. భవనాలు, దారులు, ముందున్న రాతి పరుపు వచ్చాక గుణకం 0.6 అవుతుంది. అదే వానకు సెకనుకు 200 లీటర్లు దాటుతుంది. ఆకాశం మారలేదు, నేల ఇంకించుకోవడం మానేసింది.

అసలు భయం ఇది కూడా కాదు. వంకలోకి నేరుగా చేరే నీటిని పక్కన పెట్టినా, మా ఉత్తరపు హద్దు పొడవునా పరచుకొని దిగే కొండ నీటి పరీవాహకం పది ఎకరాల దాకా ఉంది. రాతి వాలు కాబట్టి గుణకం 0.5 తీసుకున్నాం. సెకనుకు 420 లీటర్లు వచ్చింది. కట్టడాలు వచ్చాక మా స్థలం నుంచి పారే నీటికి రెట్టింపు నీరు పైనుంచి మా మీదికి వస్తోంది.

మాస్టారు కాగితం తిప్పి మళ్లీ గుణించి చూసుకున్నారు. "అయితే మొక్కల సంగతి తర్వాత చూద్దాం లేమ్మా, ముందు ఈ నీళ్ల సంగతి చూడు" అన్నారు. ఆ మాటతోనే పని సరైన చోట మొదలైంది.

స్వేల్, కట్ట, కుంట

పైనుంచి వచ్చే నీటిని భవనం దాకా రానివ్వకుండా ఉత్తరపు హద్దు వెంట స్వేల్ తవ్వించాం. స్వేల్ అంటే వాలుకు అడ్డంగా, కాంటూరును ఇంచుమించు అనుసరిస్తూ పోయే వెడల్పాటి లోతు తక్కువ కాలువ. సిమెంటు కాలువలా నీటిని తరిమేయదు. మెల్లగా నడిపిస్తూ, దారిలో కొంత ఇంకనిస్తుంది. మా స్వేల్ అడుగు వెడల్పు 0.6 మీటర్లు, లోతు అర మీటరు, పక్క వాలు ఒకటికి మూడు (ఒక మీటరు దిగడానికి మూడు మీటర్ల అడ్డం), పై వెడల్పు 3.6 మీటర్లు. 150 మీటర్లకు ఒక మీటరు దిగేలా తూర్పున ఉన్న వంక వైపు వాలుగా ఉంటుంది. నలభై సెంటీమీటర్ల లోతున పారినా సెకనుకు 600 లీటర్లకు పైగా మోయగలదు. నీటి వేగం సెకనుకు మీటరు లోపే ఉంటుంది కనుక గరిక వేర్లు తట్టుకుంటాయి.

తవ్విన మట్టిని దూరం మోయించలేదు. స్వేల్‌కు దిగువ అంచునే మోకాలెత్తు కట్టగా పోయించి దిమ్మిస కొట్టించాం. దీన్నే మా వృత్తిలో బెర్మ్ అంటాం. స్వేల్ నిండినా ఈ కట్ట మరో అండగా నిలబడుతుంది. కట్ట మీద వట్టివేరు దగ్గర దగ్గరగా నాటించాం. దాని వేర్లు పక్కకు పాకకుండా నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. మండు వేసవిలో పైన ఎండినట్టు కనిపించినా తొలకరికి చిగురిస్తుంది.

వంకను ఉన్నచోటనే ఉంచాం. చెత్త తీయించి, మెలిక తిరిగే చోట బయటి ఒడ్డుకు మాత్రమే రాతి పరుపు వేయించాం. ప్రవాహం ఒరుసుకునేది ఆ ఒడ్డునే. రెండు ఒడ్లనూ రాతితో కట్టేస్తే నీరు వేగం పుంజుకొని దిగువ రైతు పొలాన్ని కోస్తుంది. మన హద్దులో కష్టం తీరితే చాలనుకోవడం సైట్ డిజైన్ కాదు. కార్ల దారి పడమటి వైపుకు పోయింది. వంక దాటడానికి నడిచేవారికి చిన్న వంతెన చాలింది.

ఇక మా కట్టడం వల్ల పెరిగిన నీటిని మా స్థలంలోనే ఆపాలి. దక్షిణాన, అన్నిటికంటే పల్లంలో, కుంట తవ్వించాం. పైన 20 మీటర్లు, 14 మీటర్లు, పక్కలు ఒకటికి రెండు వాలు, లోతు 1.2 మీటర్లు. ఇందులో దాదాపు 245 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. స్థలమంతటా 25 మి.మీ. వాన పడితే పారే నీటికి ఇది సరిపోతుంది. అంతకు మించితే కలుజు మీదుగా రోడ్డు కాలువలోకి, అక్కడి నుంచి కింది చెరువుకు వెళ్తుంది. తవ్వే ముందే గుంతలు తీసి నీళ్లు పోసి ఇంకే వేగం చూశాం. ఎర్ర గరుకు నేల కావడం వల్ల నిండిన కుంట మూడు రోజుల్లో ఇంకుతుందని తేలింది. ఇది ముఖ్యం. నీరు వారం నిలిస్తే దోమలు పుడతాయి, డెంగీ వస్తే వృద్ధులు తట్టుకోలేరు. కుంట చుట్టూ కంచెకు బదులు కూర్చునే ఎత్తులో రాతి తిన్నె కట్టించాం. చూపు మందగించినవారు అంచు దాకా వచ్చి పడిపోకుండా అదే ఆపుతుంది, సాయంత్రం కూర్చోవడానికీ అదే.

మూడు అంచెలు

మొదటి ప్లానులో భవనమంతా ఒకే చదును మీద ఉంది. వాలు వెంట 70 మీటర్లు, అడ్డంగా 60 మీటర్ల చదును. నూటికి ఆరు వాలులో 70 మీటర్లకు 4.2 మీటర్ల ఎత్తు తేడా వస్తుంది. పై అంచు మట్టానికి కింది భాగమంతా మట్టితో ఎత్తాలంటే 8,820 ఘనపు మీటర్ల మట్టి బయటి నుంచి తోలాలి. ఏదో ఒక చెరువునో గుట్టనో తవ్వకుండా అంత మట్టి దొరకదు. పైగా దాన్ని నిలబెట్టడానికి 4.2 మీటర్ల గోడ కావాలి.

మేం ఆ 70 మీటర్లను మూడు అంచెలుగా విడగొట్టాం. ఒక్కో అంచెలో ఎగువ సగం తవ్వి, ఆ మట్టితోనే దిగువ సగం నింపాం. దీన్నే కట్ అండ్ ఫిల్ అంటాం. తవ్వినదీ నింపినదీ సరిసమానమైతే పని చక్కగా కుదిరినట్టు. మూడు అంచెలకూ కలిపి తవ్వింది 735 ఘనపు మీటర్లు, నింపిందీ అంతే. తవ్వకానికి ముందు పైన ఉన్న పదిహేను సెంటీమీటర్ల సారవంతమైన మట్టిని వేరుగా చెక్కించి పక్కన కుప్ప వేయించాం. మొక్కలకు అదే మళ్లీ పరిచాం. జేసీబీ డ్రైవరుకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పకపోతే ఆ మట్టి పునాది గుంటల్లోకి పోతుంది, తర్వాత తోటకు ఎరువుల మీద ఎరువులు కొనాలి.

భవనం కూడా మూడు విభాగాలుగా, అంచెకొకటి చొప్పున మారింది. ఆర్కిటెక్టు మొదట సంకోచించారు. కొండ గాలి మూడు విభాగాల మధ్య నుంచి దిగుతుందని, ప్రతి గదికీ రెండు వైపులా కిటికీ వస్తుందని నమూనాలో చూశాక ఆయనే మిగతా మార్పులు చేశారు.

అంచెల మధ్య గోడల ఎత్తు 1.4 మీటర్లు. మట్టిని ఆపే గోడను రిటైనింగ్ గోడ అంటారు. దాని మీద మట్టి తోపుడు ఎత్తును బట్టి కాదు, ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 4.2 మీటర్ల గోడ మీద పడే తోపుడులో 1.4 మీటర్ల గోడకు వచ్చేది తొమ్మిదో వంతే. అందుకే ఇనుము, కాంక్రీటు లేకుండా మామూలు రాతి గోడతో పని అయింది. అడుగున 80 సెంటీమీటర్లు, పైన 45. వెనుక 30 సెంటీమీటర్ల మందాన కంకర, కంకరలోకి మట్టి జారకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ. మీటరున్నరకు ఒకటి చొప్పున, బయటికి కాస్త వాలుగా, నాలుగంగుళాల గొట్టాలు. ఇవే వీప్ హోల్స్. వాన నీరు గోడ వెనుక నిలవకుండా వీటిగుండా బయటికి వస్తుంది. నిలిచిందంటే గోడ మీద భారం పొడి మట్టి భారానికి రెట్టింపు దాటుతుంది. మా ప్రాంతంలో కూలిన ప్రహరీ గోడల్లో ఎక్కువ భాగం వానాకాలంలోనే కూలడానికి కారణం ఇదే.

ఈ గొట్టాల దగ్గర జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. రెండో గోడకు సందులు పూడ్చే పని ముగిసిందని గుత్తేదారు కబురు పెడితే చూడటానికి వెళ్లాను. గోడ నున్నగా, అందంగా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే వరసలో సగం గొట్టాలు కనిపించలేదు. సిమెంటుతో మూసి, మీద రాతి గీత దిద్దేశారు.

"ఎందుకు మూశారు మేస్త్రీ?" అని అడిగాను.

"మట్టినీళ్లు కారి రాయికి మరక పడుతుంది మేడమ్. గోడ బాగా కనబడాలని మూయమన్నారు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గొట్టం ఎందుకు పెట్టామో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సన్న ఇనుప చువ్వ తెప్పించి ఒక్కో గొట్టాన్నీ పొడిపించాను. నాలుగు వేళ్ల మందాన సిమెంటు బిరడా, దాని వెనుక కంకర గలగల వినిపిస్తే సరే. ఒకచోట మాత్రం చువ్వ మెత్తగా దిగబడింది. బయటికి తీస్తే కొసకు తడి ఎర్రమట్టి అంటుకొని వచ్చింది. అంటే అక్కడ కంకర లేదు, గుడ్డ లేదు, నేరుగా మట్టే పోశారు. ఆ భాగం వెనుక తవ్వించి, కంకర పోయించి, గుడ్డ పరిపించిన తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టాను. ఆ మేస్త్రీయే దగ్గరుండి మిగతా గొట్టాలన్నీ తెరిపించాడు. మూడో అంచె అంచున కట్టిన చిన్న గోడకు, నేను వెళ్లకముందే రసమట్టం పెట్టి ప్రతి గొట్టం వాలూ సరిచూశాడు.

చింతచెట్టు

రెండో అంచె కింది గోడ గీత సరిగ్గా ఒక పాత చింతచెట్టు పక్క నుంచి పోతోంది. గోడ అక్కడే కడితే చెట్టు మొదలు రెండడుగుల మేర మట్టిలో మునుగుతుంది. కాండం చుట్టూ మట్టి ఎత్తు పెరిగితే వేళ్లకు గాలి అందదు. చెట్టు ఆ ఏడాదే ఎండదు, నాలుగైదేళ్లు కొంచెం కొంచెంగా కొమ్మలు రాలుస్తూ చస్తుంది. అప్పటికి ఎవరికీ కారణం గుర్తుండదు. కొమ్మల నీడ అంచు దాకా తాత్కాలికంగా కంచె వేయించి, దాని లోపల సామాను దించకూడదు, సిమెంటు కలపకూడదు అని బోర్డు పెట్టించాం. గోడను చెట్టు చుట్టూ విల్లులా వంచాం. అదనంగా పట్టిన రాయి కొంతే. ఇప్పుడు ఆ వంపులోనే ఆశ్రమంలో అన్నిటికంటే ఎక్కువమంది కూర్చునే తిన్నె ఉంది.

నడక

ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉంటే నిబంధనలకు సరిపోతుంది. వృద్ధులకు సరిపోదని నా అనుభవం. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు చక్రాల కుర్చీ జారుతుందన్న భయం. అంచెల మధ్య ర్యాంపులను ఒకటికి పదిహేను వాలుతో వేశాం. 1.4 మీటర్లకు 21 మీటర్ల పొడవు, నడుమ మీటరున్నర సమతలం. పట్టుకోవడానికి రెండు ఎత్తుల్లో కడ్డీలు: నిలబడినవారికి 90 సెంటీమీటర్ల దగ్గర, కూర్చున్నవారికి 76 దగ్గర. ర్యాంపు మొదలయ్యే చోటికి అడుగు ముందే కడ్డీ మొదలవుతుంది. చేతికి ఆసరా దొరికాకే కాలు కదులుతుంది.

గేటు నుంచి పై అంచె దాకా నడకదారి వేరు. ఒకటికి ఇరవై వాలుతో అయితే 180 మీటర్లు చాలు. మేం ఒకటికి ఇరవై అయిదు తీసుకొని 225 మీటర్లు మెలికలు తిప్పాం. వెడల్పు 1.8 మీటర్లు, రెండు చక్రాల కుర్చీలు ఎదురైనా ఇబ్బంది లేదు. నీరు నిలవకుండా పక్కకు యాభైకి ఒకటి వాలు. ముప్పై మీటర్లకో తిన్నె, ఎత్తు 45 సెంటీమీటర్లు, లేవడానికి చేతికి ఆనే రాయి. ఉద్యానాల్లో కనిపించే అందమైన బల్లలకు ఈ చేతి ఆసరా ఉండదు. కూర్చున్న పెద్దలు లేవడానికి పక్కవారి కోసం చూస్తూ ఉండిపోతారు. మెట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఎత్తు 12.5, అడుగు 37.5 సెంటీమీటర్లు. రెండు ఎత్తులూ ఒక అడుగూ కలిపితే 62.5 వస్తుంది, మనిషి సహజంగా వేసే అంగకు అది దగ్గర.

నేల మీద పరచడానికి మొదట కడప రాయి అనుకున్నారు. చవక, దగ్గర్లో దొరుకుతుంది, నల్లగా బాగుంటుంది. కానీ ఇది ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊరు. తిరుమల మాడవీధుల్లోనే వేసవిలో భక్తుల కాళ్లు కాలకుండా చలువ రంగు పూస్తారు. ఇక్కడి పెద్దలు చిన్న మందిరానికి చెప్పులు లేకుండా నడుస్తారు. నల్ల రాయి ఎండకు కాలుతుంది, నున్నగా చేస్తే వానకు జారుతుంది. చిత్తూరు వైపు క్వారీల లేత బూడిద రంగు గ్రానైటు తెప్పించి, పాలిష్ లేకుండా ఉలి గరుకుతో వేశాం. రాళ్ల మధ్య సందుల్లో సిమెంటు కాకుండా ఇసుక. వాన చాలావరకు అక్కడే ఇంకుతుంది.

మొక్కలు

ఇప్పుడు మొక్కల మాట. మాస్టారు కోరిన పచ్చిక రెండు వేల చదరపు మీటర్లు. వేసవిలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు పోయాలి. పది వేల లీటర్లు, అంటే రోజుకు రెండు ట్యాంకర్లు. తాగునీటి కోసం కల్యాణి డ్యామ్ వైపు, ఆకాశం వైపు చూసే ఊళ్లో ఇది భావ్యం కాదని చెప్పాను. సభామందిరం ముందు రెండు వందల చదరపు మీటర్లు మాత్రం ఉంచాం. స్నానాల నీరు రోజుకు మూడున్నర వేల లీటర్లు వస్తుంది. దాన్ని గులకరాళ్లు నింపి మెట్టతామర నాటిన మడిగుండా వడకట్టి పచ్చికకూ పొదలకూ మళ్లించాం. నీరు రాళ్ల కిందే పారుతుంది కాబట్టి దోమల బెడద లేదు.

ప్రహరీ వెంట త్వరగా ఎదిగే కోనోకార్పస్ చెట్లు వద్దని చెప్పి కానుగ, వేప, రేల, పొగడ వేశాం. కానుగ నీడ చిక్కన. రేల వేసవిలో ఆకు రాల్చి పసుపు పూల గుత్తులు వేలాడదీస్తుంది. పొగడ ఏడాది పొడవునా పచ్చగా ఉండి, వాసన రాలుస్తుంది. శేషాచలానికి సొంతమైన ఎర్రచందనం కూడా పై అంచెలో కొన్ని వేశాం. రాతి నేలలో, తక్కువ నీటితో పెరిగే చెట్టది. నాటడానికి అడ్డు లేదు కానీ నరకాలంటే, తరలించాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి అని ధర్మనిధి దస్త్రంలో రాయించాం. మర్రి, రావి గోడలకు దూరంగా, కుంట అవతల మాత్రమే.

గన్నేరు, పచ్చగన్నేరు ఎక్కడా లేవు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఎండకు తట్టుకుంటాయి, మా జిల్లాలో ప్రతి రోడ్డు మధ్యలో అవే. కానీ రెండూ విషం. మతిమరుపు ఉన్నవారు పూవో కాయో నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉన్న చోట వాటిని నాటకూడదు. నేరేడును దారికి దూరంగా పెట్టాం. పండ్లు రాలితే దారి జారుతుంది, పడితే తుంటి ఎముక విరుగుతుంది. దారి పక్కన చేతికందే ఎత్తులో రాతి మళ్లు కట్టి మరువం, దవనం, తులసి, మల్లె వేశాం. వంగలేనివారు నిలబడే తుంచుకోవచ్చు. ఒక అవ్వ రోజూ పొద్దున దవనం రెండు రెమ్మలు కోసి పక్క మంచంలో ఉన్నామెకు ఇస్తుందని ఆయా చెప్పింది.

కొండ దిగువ కావడం వల్ల ఇంకో జాగ్రత్త. 2023లో అలిపిరి నడకదారిలో చిరుతల సంచారం ఊరంతటినీ కలవరపెట్టింది. దారికి ఇరువైపులా పొదలను మోకాలి ఎత్తు మించనివ్వం, చెట్ల కింది కొమ్మలను మనిషి ఎత్తు దాకా తీయిస్తాం. చూపు ఎక్కడా ఆగకూడదు. వంటగది చెత్త మూత ఉన్న గదిలోనే ఉంటుంది. చెత్తకు కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. కోతుల సంగతి మూతతో కొంత, ఓపికతో కొంత. దీపాలన్నీ నడుము ఎత్తులోనే, నేలను చూస్తూ ఉంటాయి.

వానలు వచ్చాక

ఈ వైపు ఏడాది వాన సగటున 900 మి.మీ. పైచిలుకు. అందులో పెద్ద వాటా అక్టోబరు నుంచి, వాయుగుండాలతో కొద్ది రోజుల్లోనే కురిసేస్తుంది. తొలి ఈశాన్య రుతుపవనాల్లో స్వేల్ నిండుగా పారింది, కట్ట దాటలేదు. స్వేల్ వంకలో కలిసే చోట మాత్రం నీరు దూకి చిన్న గుంత తవ్వింది. అక్కడ పెద్ద రాళ్లతో పరుపు వెడల్పు పెంచాం. వీప్ హోల్స్ నుంచి వచ్చిన నీరు తేటగా ఉంది. ఇది గమనించాల్సిన గుర్తు. నీరు తేటగా వస్తే వెనుక కంకర పని చేస్తున్నట్టు, ఎర్రగా వస్తే గోడ వెనుక మట్టి కొట్టుకుపోతున్నట్టు. కుంట నిండి, ఒకసారి కలుజు పారి, మూడో రోజుకు అడుగు కనిపించింది. ఆశ్రమం బోరుబావిలో నీటి మట్టాన్ని నెలకోసారి రాసి ఉంచమని మేనేజరుకు పుస్తకం ఇచ్చాం. ఒక ఏడాది అంకెలతో కుంట ఫలితం ఇంత అని చెప్పలేం కనుక ఇప్పుడు దాని గురించి రాయడం లేదు.

నిర్వహణ పట్టికలో మూడు పనులకు తేదీలు పెట్టాం. సెప్టెంబరులో స్వేల్ అడుగున చేరిన ఒండ్రు తీయడం, అదే నెలలో ప్రతి గొట్టంలోనూ చువ్వ పెట్టి చూడటం, జనవరిలో వట్టివేరును కత్తిరించి ఖాళీల్లో నాటడం. కత్తిరించిన గడ్డి చెట్ల మొదళ్లలో పరుస్తున్నారు.

ఈ మధ్య ధర్మనిధి వారు సందర్శకుల కార్లు నిలపడానికి చోటు చాలడం లేదని, ఉత్తరాన స్వేల్‌ను మూసి ఆ జాగా వాడుకుందామా అని అడిగారు. దక్షిణాన గేటు పక్కన, పడమటి దారిని ఆనుకొని పన్నెండు కార్లకు సరిపడే చోటు గుర్తించి, నేలకు గడ్డి మొలిచే చిల్లుల ఇటుకలు, మధ్యలో కానుగ చెట్లతో ప్లాను పంపాను. స్వేల్ పక్కన, కొండ నుంచి పది ఎకరాల నీరు దిగే ఆ గీత మీద, సెకనుకు 420 లీటర్లు అని ఎర్ర సిరాతో మళ్లీ రాశాను.